వేళ్లు లేచాకే అక్షరం

మా ఇంట్లో కీబోర్డు మీద అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి. ఎ, ఎన్, ఇ అయితే ఆనవాళ్లు కూడా లేవు. పక్కింటి పిల్లవాడు ప్రాజెక్టు వర్కు ప్రింటు తీసుకోవడానికి వచ్చి, పైన తన పేరు కొట్టబోయి, "అంకుల్, దీంట్లో ఎ ఏదీ?" అని బిక్కమొహం వేశాడు. నేను తలెత్తకుండానే చెప్పాను, చూడకుండానే కొట్టిపెట్టాను. వాడు వెళ్లాక మాత్రం ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్ల అరుగుదలలో అచ్చువేసిన అక్షరాలు పోయాయి కానీ, ఎఫ్ మీదా జె మీదా ఉన్న ఆ సన్నటి గీతలు మాత్రం పోలేదు. నా చూపుడు వేళ్లు వెళ్లి వాలేది వాటి మీదే. ఆ గీతలు ఎవరి కోసం పెట్టారు? కళ్లున్నవాళ్ల కోసమే. కళ్లు తెర మీద ఉంటాయి కాబట్టి కింద వేళ్లకు తోవ తెలియాలని. అంటే టైపింగు వచ్చిన ప్రతి మనిషీ అక్షరాన్ని చూసి కాదు, తడిమే రాస్తున్నాడన్నమాట. మరి "చూపు లేనివాళ్లు కంప్యూటరు మీద ఎలా రాస్తారండీ" అని మనం ఆశ్చర్యపోవడంలో అర్థమేమైనా ఉందా?

నాకు తెలిసిన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. పుట్టుకతోనే చూపు లేదు. పిల్లలకు ఛందస్సు చెప్పడంలో మంచి పేరు. ఆయన దగ్గర కూర్చున్నప్పుడే నేను మొదటిసారి ఆ పద్ధతి చూశాను. టేబుల్ మీద ఉన్నది ఏ ఆఫీసులోనైనా కనిపించే మామూలు కీబోర్డే. ఆయన చేతులు మాత్రం దాని మీద అటూ ఇటూ తిరగవు. ఎడమచేతి మూడు వేళ్లు ఎఫ్, డి, ఎస్ మీద, కుడిచేతి మూడు వేళ్లు జె, కె, ఎల్ మీద. కింద బొటనవేలు స్పేస్ బార్ మీద. అంతే. మిగతా నూరు కీలూ ఖాళీగా పడి ఉన్నాయి. నా టైపింగులో టకటకమని చినుకులు పడే చప్పుడు వస్తుంది, ఆయన టైపింగులో ఒక్కో అక్షరానికి రెండు మూడు కీలు కలిసి ఒకే చప్పుడు. ఆ చప్పుడు ఆగీ ఆగగానే కంప్యూటరు "మ" అంటుంది, "క" అంటుంది. తెర మీద చూస్తే చుక్కలు కాదు, మన మామూలు తెలుగు. నేను గమనిస్తున్నానని ఆయనకు ఎలా తెలిసిందో, "నొక్కినప్పుడు కాదండీ, వేళ్లు లేచాక పడుతుంది అక్షరం" అన్నారు.

ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. తర్వాత ఆలోచిస్తే అంతకన్నా మార్గం లేదనిపించింది. మూడు వేళ్లు ఎంత కలిసి దిగినా ఒకే క్షణంలో దిగవు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఒకటి వెనక. మామూలుగా అయితే కంప్యూటరు ఆ తేడాను పట్టుకుని మూడు వేరువేరు అక్షరాలు వేసేస్తుంది. ఇక్కడ మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేరు తొందరపడదు. ఏయే కీలు దిగాయో గుర్తుపెట్టుకుని, ఆఖరి వేలు కూడా లేచేదాకా చూసి, అప్పుడు లెక్క కడుతుంది. అన్నం ముద్ద తీసుకునేటప్పుడు ఏ వేలు ముందు కదిలింది, ఏది తర్వాత వచ్చింది అని మనం చూసుకుంటామా? ముద్ద నోటి దగ్గరికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఇదీ అలాంటిదే.

బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలుంటాయి, రెండు నిలువు వరుసలుగా. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఆ నిలువు వరుసల్ని రెండు వైపులకూ పడుకోబెడితే కీబోర్డు మీదికి సరిగ్గా వచ్చేస్తాయి. ఎఫ్ ఒకటో చుక్క, డి రెండు, ఎస్ మూడు. జె నాలుగు, కె ఐదు, ఎల్ ఆరు. నా కీబోర్డు మీద చెరగకుండా మిగిలిన ఆ రెండు గీతలూ రెండు వరుసల్లోని పైచుక్కల దగ్గరికే వచ్చి కూర్చున్నాయి. వాటిని పెట్టినవాళ్ల మనసులో బ్రెయిలీ ఉండి ఉండదు, అయినా చక్కగా కుదిరింది. మాస్టారు నా వేళ్లను తీసుకుని ఆ కీల మీద పెట్టి "అమ్మ" రాయించారు. ముందు ఎఫ్ ఒక్కటే, అది అ. తర్వాత జె ఒక్కటే. తర్వాత ఎఫ్, ఎస్, జె మూడూ కలిపి. మళ్లీ అదే మూడూ కలిపి. తెర మీద అమ్మ వచ్చింది. మధ్యలో ఒంటరిగా నొక్కిన ఆ జె ఏమిటని అడిగాను. "పొల్లు" అన్నారు. పొల్లు ముందొస్తుందా? మనం మ రాసి, దాని కింద ఒత్తు పెడతాం. మామూలు కంప్యూటరు తెలుగులోనూ మ తర్వాత పొల్లు, ఆ తర్వాత మళ్లీ మ. బ్రెయిలీలో పొల్లు ముందే వచ్చి, రాబోయే హల్లుకు అచ్చు లేదని చెప్పేస్తుంది.

ఇది నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. నేను అనుకుంటున్న కారణం ఇది, పండితులు వేరే చెబుతారేమో. కంటికి ఒక అక్షరం కిందా పైనా ఉన్నవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. తలకట్టు, గుడి, సుడి, ఒత్తు, అన్నీ ఒక గుత్తిగా దొరుకుతాయి. వేలికి కిందా పైనా అనేది ఆ చిన్న గడి లోపలే. గడి దాటితే ఇక ముందూ వెనకా మాత్రమే. వేలు కుడివైపుకు పోతూ ఉంటుంది. "ఇందాక చదివినదానికి అచ్చు లేదు సుమా" అని తర్వాత చెబితే వెనక్కి రావాలి. ముందే చెబితే ఆగకుండా పోవచ్చు. అందుకేనేమో, బ్రెయిలీ తెలుగులో గుణింతపు గుర్తులే లేవు. కి రాయాలంటే క, పక్కన ఇ. స్త్రీ అని అచ్చులో మనం ఒక్క చోట కుప్పగా పోసే అక్షరం అక్కడ ఆరు గడులు పడుతుంది. పొల్లు, స, పొల్లు, త, ర, ఈ. మన గుండ్రటి అక్షరాల అందమంతా పోయిందే అని ఒక్క క్షణం దిగులేసిన మాట నిజం. కానీ ఎవరికి పోయింది? ఆ గుండ్రదనాన్ని ఎప్పుడూ చూడని మనిషికి అది పోవడమేమిటి? పైగా ఆయనకు అక్కడ తెలుగు నిర్మాణం విప్పిపెట్టి కనిపిస్తోంది. ఏది హల్లు, ఏది అచ్చు, ఎక్కడ అచ్చు పోయింది, అంతా వరసలో ఉంది. ఛందస్సు ఆయనకంత సులువుగా వంటబట్టడానికి ఇదీ ఒక కారణమేమో అని నా అనుమానం.

ఈ మ ఉంది చూశారూ, ఒకటి మూడు నాలుగు చుక్కలు, అది ఇంగ్లిషు ఎమ్ కూడా. హిందీ మ, తమిళ మ, కన్నడ మ అన్నీ అదే. కళ్లున్నవాళ్లం ఒక్క మ కోసం ఇన్ని లిపులు నేర్చుకోవాలి. చూపు లేనివాళ్లకు దేశం మొత్తానికీ ఒకే మ. అలాగని అది మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. ఒకప్పుడు మన దేశంలో ఎవరి బ్రెయిలీ వాళ్లదే, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొచ్చేది కాదు. 1951లో అన్ని భాషలకూ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ ఖాయమయ్యాక ఆ గొడవ సద్దుమణిగింది. డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం మొదలైంది కూడా ఆ ఏడాదే. కాకతాళీయమే కావచ్చు, డేవిడ్ అబ్రహాం అనే చెక్కపని మాస్టారు తయారుచేసిన పెర్కిన్స్ బ్రెయిలర్ అనే బ్రెయిలీ టైపు యంత్రం అమెరికాలో బయటికి వచ్చిందీ అప్పుడే. దానికీ చుక్కలకు ఆరు కీలే, మధ్యలో స్పేస్. అంతకుముందే 1892లో ఇలినాయ్ అంధుల పాఠశాల సూపరింటెండెంటు ఫ్రాంక్ హాల్ ఆరు కీల యంత్రం చేశాడు. మన కీబోర్డు మీద ఎస్ డి ఎఫ్, జె కె ఎల్ చేస్తున్న పని కొత్తదేమీ కాదు, హాల్ కాలం నుంచీ ఉన్న అలవాటే.

ఇంకా వెనక్కి వెళితే కథ తిరగబడుతుంది. చదువుతుంటే నాకు భలే అనిపించింది ఇక్కడే. టైపురైటరు అనేది కళ్లున్న గుమాస్తాల కోసం పుట్టి, తర్వాత దయతలచి అంధులకు కూడా ఇచ్చిన వస్తువు అనుకుంటాం కదా? తొలి టైపు యంత్రాల్లో ఒకటి ఇటలీలో 1808 ప్రాంతంలో పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపు పోయిన తన స్నేహితురాలు కరోలినా ఫాంటోని కోసం చేశాడు. ఆవిడ తన ఉత్తరాలు తానే రాసుకోవాలని. యంత్రం ఇప్పుడు లేదు, దాని మీద ఆవిడ కొట్టిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. ఇంకొకరికి చెప్పి రాయిస్తే ఉత్తరంలో ఎన్ని మాటలు మింగేయాలో ఊహించుకోండి. ఆ మింగిన మాటల కోసం ఒక యంత్రం పుట్టింది. ఆ మరుసటి ఏడే, 1809 జనవరి 4న, ఫ్రాన్స్‌లోని కూప్‌వ్రే అనే పల్లెలో జీను తోలుపని చేసుకునే ఇంట లూయీ బ్రెయిల్ పుట్టాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్టు కంట్లో గుచ్చుకుని చూపు పోవడం, పదిహేనేళ్లకే చుక్కల లిపి కట్టడం, 1829లో దాన్ని అచ్చువేయడం మనం బడిలో చదువుకున్నవే. బడి పాఠం చెప్పనిది ఒకటుంది. తన లిపితో అంధులు అంధులకు రాసుకోగలరు, కానీ ఇంట్లో చూపున్న అమ్మకు ఉత్తరం రాయాలంటే? ఈ ప్రశ్న బ్రెయిల్‌ను చాలా ఇబ్బంది పెట్టినట్టుంది. 1839లో ఆయన ఇంకో పద్ధతి ప్రకటించాడు. మామూలు అక్షరాల ఆకారాన్నే చుక్కలతో గుచ్చడం. చూపున్నవాళ్లు చదవగలరు కానీ గుచ్చడం మహా నెమ్మది. దాన్ని త్వరగా చేయడానికి పియెర్ ఫూకో అనే మరో అంధుడు 1841లో ఒక యంత్రమే కట్టాడు.

మాస్టారి టేబుల్ దగ్గర కూర్చుంటే ఆ పాత ప్రశ్నకు జవాబు నా ఎదురుగానే ఉంది. ఆయన రాసేది బ్రెయిలీలో. నేను చదివేది తెలుగులో. మధ్యలో గుమాస్తా లేడు, చదివిపెట్టే మనవడు లేడు. ఆయన పంపిన మెయిల్‌లో ఏ అక్షరాన్ని చూసినా, అది ఏ వేళ్లతో ఎలా కొట్టిందో చెప్పలేం. అవసరం కూడా లేదు. ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా దొరికేవే చాలా ఉన్నాయి. లినక్స్ మీద కేరళవాళ్లు చేసిన ఐబస్ బ్రెయిల్ ఉంది. విండోస్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు ఉంది, ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టింది. చుక్కల్ని అక్షరాలుగా, అక్షరాల్ని చుక్కలుగా మార్చే లిబ్‌లూయీలో తెలుగు పట్టిక కూడా ఉంది.

చుక్కల్ని చుక్కలుగానే తెర మీద వేసుకునే ఏర్పాటు వేరే ఉంది. 1999లో వచ్చిన యూనికోడ్ మూడో కూర్పులో బ్రెయిలీకి 256 స్థానాలిచ్చారు. కంప్యూటరు బ్రెయిలీలో కింద ఇంకో రెండు చుక్కలు కలిపి ఎనిమిది చేస్తారు కాబట్టి అన్ని. దాని లెక్క ముచ్చటగా ఉంటుంది. ఒకటో చుక్కకు 1, రెండో దానికి 2, మూడుకు 4, నాలుగుకు 8, ఐదుకు 16, ఆరుకు 32. ఉన్న చుక్కల విలువలు కూడితే ఆ గుర్తు ఖాళీ గడి నుంచి ఎన్నో స్థానంలో ఉందో వచ్చేస్తుంది. మ అంటే 1, 4, 8, మొత్తం 13. ఇంత పొందికైన లిపి కంప్యూటరుకు ఇంకోటి దొరికి ఉండదు. కానీ ఆ చుక్కలు నున్నటి గాజు మీద వెలిగే చుక్కలు. చేత్తో తడిమితే ఏమీ లేదు. పిన్నులు పైకి లేపి చూపించే బ్రెయిలీ డిస్‌ప్లే ఉంటే తప్ప అవి ఎవరి కోసమో వాళ్లకే అందవు, ఆ డిస్‌ప్లే ఖరీదేమో మామూలు ఇళ్లకు అందేది కాదు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే చూపున్నవాళ్లకు మాత్రం తప్పులు సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి. మిగతా లోకం వాటిని దేనికి వాడుతోందో తెలుసా? మెసేజీల్లో బొమ్మలు గీయడానికి. పిల్లిబొమ్మ, గుండెబొమ్మ, సినిమా హీరో మొహం, అన్నీ బ్రెయిలీ చుక్కలు పేర్చి వేస్తారు. చూపు లేని మనిషి ఫోనులో అది వచ్చి పడితే, కొన్ని స్క్రీన్ రీడర్లు ఆ చుక్కల నంబర్లన్నీ వరసపెట్టి ఏకరువు పెడతాయి. ఆయన లిపి, ఆయనకే తలనొప్పి. నవ్వాలో ఏమనాలో తెలియదు.

ఇంతకీ ఇప్పుడు బ్రెయిలీ ఎందుకు అనే మాట ఉండనే ఉంది. ఫోను చదివి వినిపిస్తోంది, మనం చెబితే రాసిపెడుతోంది, ఇంకా ఈ చుక్కలతో కుస్తీ ఏమిటి అని నేనే మాస్టారిని అడిగాను. కాస్త జంకుతూనే అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు. "ఫోను చదివితే కథ తెలుస్తుందండీ. 'విశేషం'లో ఏ శ ముందుందో తెలియదు" అన్నారు. ఆ తర్వాత తన వేళ్లతో చూపించారు. శ అంటే ఎఫ్, జె, ఎల్. ష అంటే ఆరింటిలో కె ఒక్కటి తప్ప అన్నీ. స అంటే డి, ఎస్, జె. చెవికి ఈ మూడూ దాదాపు ఒకటే, అందులోనూ మన నోళ్లలో నలిగాక. వేళ్లకు మాత్రం మూడూ మూడు రకాలు, పొరపడే ప్రశ్నే లేదు. తన క్లాసులో ఫోను వింటూ పెరిగిన పిల్లలు మాటల్లో గట్టిగానే ఉన్నారట, రాయమంటేనే ఆగిపోతున్నారట. చూపున్న పిల్లలకు టీవీ ఉందిగా, పుస్తకం ఎందుకు అని మనం అంటామా? కొందరు అంటున్నారు లెండి. అది వేరే సంగతి. ఫోన్లలోనూ ఆరు వేళ్ల పద్ధతి వచ్చేసింది. ఐఫోన్‌లో 2014 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2020 నుంచి తెర మీదే వేళ్లు ఆనించి బ్రెయిలీలో రాయొచ్చు. మాస్టారికి అది అంత నచ్చదు. గాజు మీద కీ దిగడం లేవడం తెలియదు కదా అంటారు. ఆయన శిష్యులు మాత్రం బస్సులో నిలబడే రాసేస్తున్నారట.

కీబోర్డు దగ్గర మాత్రం ఒక చిక్కుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాస్టారికి కొత్త కీబోర్డు ఎవరో కొనిపెట్టారు. చవకది, మెరిసిపోతూ ఉంది. అందులో ఢ రావడం లేదు. గాఢం, దృఢం, ఢంకా, ఏది కొట్టినా ఢ దగ్గర ఇంకేదో పడుతోంది. ట కూడా మొండికేస్తోంది. సాఫ్ట్‌వేరు తప్పేమో అని తీసి మళ్లీ వేశారు. కాదు. సంగతేమిటంటే ఢకు ఆరు చుక్కలూ కావాలి. టకు ఒకటోది తప్ప ఐదూ కావాలి. కీల కింద తీగలు ఒక్కో కీకి ఒక్కొక్కటి ఉండవు, అడ్డం నిలువు వరసల వలలా ఉంటాయి. ఏ అడ్డం, ఏ నిలువు కలిశాయో చూసి ఏ కీ నొక్కామో కీబోర్డే తెలుసుకుంటుంది. ఒకటి రెండు కీలైతే బాగానే ఉంటుంది. మూడు, అంతకు మించి కలిపి నొక్కితే కొన్నిసార్లు నొక్కని కీ కూడా నొక్కినట్టు తోచే గందరగోళం వస్తుంది. ప్రతి కీ దగ్గరా ఒక డయోడు పెడితే ఆ గొడవ ఉండదు. డయోడు ఖరీదు స్వల్పమే కానీ నూరు కీలకు నూరు పెట్టాలి కదా, అందుకని చవక కీబోర్డులో పెట్టరు. అనుమానం వచ్చిన కీని అసలు పట్టించుకోకుండా వదిలేస్తారు. ఆ వదిలేసిన కీతోపాటు మాస్టారి ఢ పోయింది. కంప్యూటరు వైపు నుంచి అడ్డేమీ లేదు. యూఎస్‌బీ కీబోర్డు ఒక విడతలో పంపే మామూలు సమాచారంలో షిఫ్ట్, కంట్రోల్ లాంటివి కాక సరిగ్గా ఆరు కీలకు చోటుంది. ఆరు చుక్కలకు ఆరు. సరిపోయేలా ఉన్నదాన్ని కూడా కింద తీగల దగ్గర మిగిల్చిన డబ్బు చెడగొడుతోంది.

ఇందులో ఎవరి కుట్రా లేదు. ఒక మనిషి ఒకేసారి ఆరు కీలు నొక్కుతాడని ఆ కీబోర్డు చేసినవాడికి తట్టలేదు, కొన్నవాడికీ తట్టలేదు. ఆటలు ఆడే కుర్రాళ్లు గొడవ చేస్తే మాత్రం వాళ్ల కోసం ఎన్ని కీలు కలిపి నొక్కినా పలికే కీబోర్డులు వచ్చాయి, డబ్బా మీద ఆ సంగతి గొప్పగా అచ్చువేసి మరీ అమ్ముతున్నారు. పాత చక్రాల కుర్చీ ఇచ్చినట్టు పాత కంప్యూటర్లు అంధుల బడులకు ఇచ్చేస్తుంటాం. ఫొటో దిగుతాం. అందులో ఢ పలుకుతుందా అని ఎవరు చూస్తారు?

చూడటం కష్టమేమీ కాదు. నోట్‌ప్యాడ్ తెరిచి ఎస్, డి, ఎఫ్, జె, కె, ఎల్ ఆరూ ఒక్కసారి కలిపి నొక్కండి. తెర మీద ఆ ఆరు అక్షరాలూ, ఏ వరసలోనైనా సరే, పడ్డాయా? పడితే ఆ కీబోర్డు మీద తెలుగు మొత్తం రాయొచ్చు. ఒక్కటి తగ్గినా దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి, మీకు అది చాలు. అంధుల బడికి ఇచ్చేది మాత్రం ఆరూ పలికేది చూసి ఇవ్వండి.